అంచూ కొంగూ ఉన్న గుడారం

లోకంలో గుడారం తగలబెట్టినవాళ్ళు ఇంకా ఉండొచ్చు, కాదనను. కానీ మామగారు తన చేత్తో నేసి పండక్కి పెట్టిన గుడారాన్ని, అత్తమామల ఎదుట, కట్టుకున్న భార్య ఎదుట, గృహప్రవేశం పేరుతో పాలు పొంగించి మరీ తగలబెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇంకెవరైనా ఉంటే దయచేసి బెంగళూరు నగర్తపేటకు రండి. కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం. నాకూ ఒక తోడు దొరుకుతుంది.

తొంభైల చివరి మాట ఇది. నగర్తపేటలో మా పెదనాన్నకు గుండీలు, జిప్పులు, లేసులు టోకున అమ్మే అంగడి ఉండేది. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత అంగడి. అందులో నేను. అప్పటికి నేను చేసిన అతి పెద్ద సాహసం నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి ఎత్తుబీరువా మీది లేసుల పెట్టె దించడం. ఆదివారం అంగడి ఉండదు కాబట్టి నిద్రపోయేవాణ్ణి. మధ్యలో లేచి మసాలా దోసె తిని వచ్చి, ఆగిన చోటినుంచి మళ్ళీ నిద్ర మొదలుపెట్టేవాణ్ణి.

నేను కూర్చునే చోటికి ఎదురుగా జిప్పుల కంపెనీ వాళ్ళిచ్చిన క్యాలెండర్ వేలాడుతుండేది. ఆ నెల బొమ్మలో ఏదో చలిదేశపు సరస్సు, దాని ఒడ్డున మూడు గుడారాలు, వాటి పక్కన మందపాటి ఉన్నితో చేసిన గుండ్రటి ఇల్లొకటి. దాని నడినెత్తిన ఒక గొట్టం, అందులోంచి సన్నగా పొగ. నెల పొడుగునా బేరాలు లేనప్పుడల్లా ఆ పొగనే చూస్తూ కూర్చున్నాను. ఈ పొగను గుర్తుపెట్టుకోండి. నన్ను ముంచింది అదే.

ఆ నెలలోనే దొడ్డబళ్ళాపురంలో నా పెళ్ళిచూపులు. పిల్ల పేరు శారద. వాళ్ళది నేతపని ఇల్లు. ముందు హాల్లో రెండు మగ్గాలు. మేం వస్తున్నామని వాటిని ఆపి, మాకు వాటి మధ్యన చాప పరిచారు. పిల్ల తండ్రి నారాయణప్పగారు తక్కువ మాట్లాడే మనిషి. కాఫీలు అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ఆదివారం అంగడి ఉండదు గదా. ఏం చేస్తా ఉంటారప్పా?"

నిద్రపోతాను అని చెప్పడానికి నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే ఆ పిల్ల తలెత్తి చూసింది. ఆ కళ్ళు చూశాక నిద్ర అనే మాట నాలుక చివర్నించి వెనక్కి వెళ్ళిపోయింది. దాని బదులు క్యాలెండర్ బయటికి వచ్చింది.

"చెరువు ఒడ్డున గుడారం వేసుకుని ఉంటానండి."

మా అమ్మ కాఫీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆమెకు తెలిసి నేను దోమతెర కూడా కట్టుకోలేను.

"ఒక్కరేనా?" అన్నారు నారాయణప్పగారు.

"ఒక్కణ్ణేనండి."

"వాన వస్తే?"

"అందుకే కదండీ గుడారం!"

అంత తెలివైన జవాబు నా నోట అంతకు ముందూ రాలేదు, తరువాతా రాలేదు. పిల్ల చెల్లెలు విమల తలుపు చాటునుంచి కిసుక్కున నవ్వింది. నారాయణప్పగారు నన్ను ఒక్క క్షణం పరీక్షగా చూసి, "మంచిది" అన్నారు.

పెళ్ళయిన వారానికి శారద నాకొక సంగతి చెప్పింది. నా కంటే ముందు తుమకూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి చూసి వెళ్ళాడట. అతన్నీ ఇదే ప్రశ్న అడిగారట. నిద్రపోతానన్నాడట, పాపం, సత్యవంతుడు.

"రెండు మగ్గాల నడుమ పడుకొని పెరిగితి నేను. పగలంతా సద్దు, రాత్రి పైకి చూస్తే వేలాడే దారాలు. ఆకాశం కింద పడుకోవాలని ఎంత ఆశ ఉండెనో! మీరు చెరువూ గుడారమూ అంటిరి చూడండి, అప్పుడే అమ్మకు చెప్పేస్తి, ఈయన్నే చేసుకుంటానని" అంది.

అయ్యా, అమ్మా, మీరే చెప్పండి. ఆ మాట విన్న మొగుడికి నిద్ర పడుతుందా? నా రంగూ నచ్చలేదు, నా అంగడీ నచ్చలేదు. లేని గుడారం నచ్చింది. నా సంసారం మొత్తం ఆ ఒక్క అబద్ధం మీద కూర్చుని ఉంది.

అక్కడినుంచి సాకులు మొదలయ్యాయి. "ఎప్పుడు పోదాము?" అంటే ఆషాఢం అన్నాను. తరువాత వానలన్నాను. వానలు పోయాక చలి అన్నాను. చలి పోయాక నడుంనొప్పి అన్నాను. ఆమె ప్రతిసారీ "పోనీలెండి" అనేది, పూర్తిగా నమ్మి. ఆ నమ్మకానికి నా నడుం నిజంగానే నొప్పి పెట్టడం మొదలైంది.

ఇంతలో ఉగాది వచ్చింది. పెళ్ళయ్యాక మొదటి ఉగాదికి అల్లుడికి కొత్తబట్టలు పెట్టాలి కదా. పండక్కి వెళ్ళిన నా ముందు మామయ్య ఒక మూట తెచ్చి పెట్టారు. బియ్యం మూటంత ఉంది. ఇంత గుడ్డతో ఎన్ని చొక్కాలు కుట్టించుకోవాలా అని భయపడుతూ విప్పాను.

"చొక్కా గుడ్డ కాదు అల్లుడూ, గుడారం" అన్నారు మామయ్య, సిగ్గుపడుతూ. "మీకు ఇష్టమంటిరి గదా. చీరల పని అయినాక రోజూ మూరెడు, రెండు మూరలు నేస్తా వచ్చినా."

నాలుగు నెలలు నేశారట. రెండు పోగులు పేని, ముతక నూలుతో, నీటిబొట్టు దిగనంత ఇరుకుగా. తట్టి చూస్తే డప్పులా మోగింది. నేను గుడ్డల బజారులో పెరిగినవాణ్ణి. అలాంటి నేత అంతకు ముందు చూడలేదు. పసుపుపచ్చ గుడ్డ, చుట్టూ జానెడు ఎర్ర అంచు, అంచులో నెమళ్ళు. తలుపు దగ్గర వేలాడే భాగానికి నిండుగా కొంగు.

"అంచెందుకు మామయ్యా?" అన్నాను నోరు ఊరుకోక.

ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "అంచు లేకుండా ఎట్ల నేసేదప్పా? బట్ట గదా!"

శారద ఆ నెమళ్ళను తడుముతూ నాకేసి చూసి, "ఇంక నడుంనొప్పి అనకూడదు" అంది. వచ్చే ఆదివారమే ముహూర్తం అయింది. అత్తయ్య లక్ష్మమ్మగారు, మామయ్య కూడా బయల్దేరారు. ఎందుకంటే, అల్లుడు గుడారం వేస్తూంటే కళ్ళారా చూడాలట.

ఊరికి అవతల సర్కారువారి పార్కు ఒకటి ఉండేది, పెద్ద చెరువు ఆనుకుని. ఒడ్డున గడ్డి మైదానం, అక్కడ గుడారాలు వేసుకోనిచ్చేవారు. పొద్దున మొదటి బస్సుకే చేరాం. చెరువు మీద పల్చగా మంచు, నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్లు, వాటి మీద తెల్లకొంగలు. అంత అందమైన చోటు మా ఊరికి ఇంత దగ్గర్లో ఉందని, అక్కడికి ప్రతి ఆదివారం వెళ్ళే నాకు ఆ రోజే తెలిసింది.

గేటు దగ్గర కాపలా మునియప్ప మా చీటీ చూసి, "కట్టె మంట బేడ, వద్దు స్వామీ. స్టవ్వు అయితే బయట పెట్టుకోండి, లోపల బేడ. చెరువు గాలి జాస్తి ఉండాది" అని చెప్పాడు. "మాకు తెలీదా!" అన్నట్టు ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వును ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

గుడారం పరిచాం. వెదురు గుంజలు, తాళ్ళు, మేకులు. ముగ్గురూ నా చుట్టూ నిలబడ్డారు, ఆపరేషన్‌కు ముందు డాక్టరును చూసినట్టు.

"మీరే చెప్పండి అల్లుడూ. ఈ పెద్ద గుంజ యాడ నిలబెట్టాల?" అన్నారు మామయ్య.

"ఆ మూల."

"అట్లే కానీండి" అని దాన్ని తీసుకెళ్ళి నడిమధ్యన నిలబెట్టారు.

"ఈ మేకు నిలువుగానా, వాలుగానా?"

"నిలువుగా."

"అట్లే" అని వాలుగా కొట్టారు.

"తాడు ఏ ముడి వేస్తారు మీరు?"

నాకు వచ్చిన ముడి ఒక్కటే, లేసుల పార్సిలుకు వేసేది. వేశాను. "బాగుండాది" అని, నేను అటు తిరగగానే విప్పి వేరేది వేశారు. గుడారం తిన్నగా లేచి నిలబడింది. నేను చేతులు దులుపుకున్నాను. ఆయన్ని ఒక్క మాటా అననివ్వకుండా అంత పని నేనే చేయించానని ఆ పూట నా నమ్మకం!

కానీ ఏం గుడారం అది! పొద్దుటి ఎండలో పసుపుపచ్చగా వెలుగుతూ, ఎర్ర అంచు గాలికి ఊగుతూ, కొంగు రెపరెపలాడుతూ చెరువు ఒడ్డుకే పెళ్ళికళ వచ్చింది. శారద దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. "మా నాయన నేసినాడు, మా ఆయన వేసినాడు" అని అత్తయ్యతో గొప్పగా చెప్పింది.

ఆ కళ చూసి ఇంకొందరు మోసపోయారు. పార్కుకు షికారు వచ్చిన ఒక కుటుంబం దూరంనుంచి చూసి, చెప్పులు విడిచి, చేతులు జోడించుకుంటూ వచ్చింది. "ఏ దేవరప్పా?" అని అడిగాడు పెద్దాయన.

"దేవుడు లేడండి, మేమే" అన్నాను.

"ఓహో, ఇంకా కూర్చోబెట్టలేదు" అని వాళ్ళావిడకు చెప్పి పక్కన కూర్చున్నాడాయన. వాళ్ళను చూసి మరో ఇద్దరు. కాసేపటికి గుడారం ముందు పది జతల చెప్పులు.

అప్పుడు అత్తయ్య సంచిలోంచి పంప్ స్టవ్వు, కొత్త గిన్నె, పాలు తీసింది. "కొత్త ఇల్లు గదప్పా. పాలు పొంగించకుండా లోపలికి ఎట్ల పోయేది?"

బయట పెట్టింది. చెరువు గాలికి స్టవ్వు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. చెప్పులు విడిచినవాళ్ళంతా మెడలు చాచి చూస్తున్నారు. "శకునం బాగలేదేమో" అని అత్తయ్య మొహం చిన్నబోయింది.

నా నోరు లేచింది. "లోపల పెడదాం అత్తయ్యా."

"కాపలా ఆయప్ప వద్దన్నాడు గదా?" అంది శారద.

"అతనికేం తెలుసు! చలిదేశాల్లో గుడారం లోపలే వంట. నేను ఎన్నిసార్లు చూడలేదు! పొగ నెత్తిమీంచి పోతుంది."

ఆ దేశాల ఇంటికి నెత్తిన గొట్టం ఉందనీ, మామయ్య నేసిన దానికి నెత్తిన నీటిబొట్టు దూరే సందు కూడా లేదనీ ఆ క్షణాన నాకు తోచలేదు. శారద పక్కకు జరిగి దారి ఇచ్చింది. నాకు తెలుసని ఆమె నమ్మకం.

స్టవ్వు లోపల పెట్టి, గాలి రాకుండా కొంగు దించి, మంట నిలవాలని నేనే వంగి గట్టిగా పంపు కొట్టాను. పదిసార్లు చాలు. ముప్ఫైసార్లు కొట్టాను. పాలు సలసలా కాగి, నురుగు లేచి, అత్తయ్య "పొంగె! పొంగె! తూర్పుకు పొంగె!" అని చప్పట్లు కొడుతుండగా బర్నరు మీద పడ్డాయి. మంట ఆరి, కిరసనాయిలు ఆవిరి బుస్సున లేచి, వెంటనే అంటుకుని, నా నెత్తిమీదుగా నిట్టనిలువునా ఎగిసి కప్పును నాకింది.

ఒక్క క్షణం నేను ఏం చేశానంటారా? చప్పట్లు కొడుతున్న అత్తయ్యతో కలిసి నేనూ కొట్టాను. చేతులకు అంతకంటే తోచలేదు.

మామయ్య మాత్రం అత్తయ్యనూ శారదనూ బయటికి నెట్టి, భుజం మీది తడి తువ్వాలు తీసి స్టవ్వు మీద కప్పారు. నన్ను చొక్కా పట్టుకుని పక్కకు లాగి, ముందే నింపి పెట్టుకున్న నీళ్ళ బిందె ఎత్తి పైకి విసిరారు. రెండు విసుర్లకు అంతా అయిపోయింది. మగ్గం మీద తెగిన పోగు అతికినంత తొందరగా, అంత చప్పుడు లేకుండా. నేనైతే అప్పటికి ఇంకా చప్పట్ల దగ్గరే ఉన్నాను.

కప్పులో తట్టంత కంత. దానిలోంచి పొగ తిన్నగా పైకి పోతోంది, అచ్చం క్యాలెండర్‌లోలాగే. బయట చెప్పులు విడిచిన పెద్దాయన, "అయ్యో, హారతి అప్పుడే అయిపోయిందా?" అంటూ లేచి లెంపలు వేసుకున్నాడు.

మునియప్ప పరుగెత్తుకొచ్చి నాకు న్యాయంగా పడాల్సిన చీవాట్లన్నీ పెట్టాడు. నోరెత్తకుండా తిన్నాను. అతను వెళ్ళాక, మసిమొహంతో చెరువు ఒడ్డుకు పోయి ఒక రాయి మీద కూర్చున్నాను. శారద వచ్చి పక్కన నిలబడింది.

"నిజం చెప్పండి. ఇన్నాళ్ళలో ఎన్నిసార్లు వేసింటారు గుడారం?"

ఇంకో అబద్ధానికి నాలో చోటు లేదు. "ఈరోజే మొదటిసారి" అన్నాను. క్యాలెండర్ సంగతి, నిద్ర సంగతి, దోసె సంగతి, నడుంనొప్పి సంగతి, అన్నీ చెప్పేశాను.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఆ ఒక్క మాటకే గదా నేను ఊ అంటి" అని అటు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు ఇంకోటి లేదు. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ ఆ నిమిషం మాత్రం నవ్వు కాదు.

వెనకనుంచి మామయ్య గొంతు వినపడింది. "నాకు తెలుసులేమ్మా."

ఇద్దరమూ వెనక్కి తిరిగాం.

"ఆ పొద్దు చాప మీద కూర్చొని చెప్పినాడు గదా, చెప్తానే ఈ పిల్లోని చెవులు రెండూ ఎర్రగా అయిపోయె. అబద్ధం అలవాటు ఉండేవానికి చెవులు ఎర్రబడవు. నిన్ను చూసి నోరు జారినాడు, అంతే. పోనీ, మంచి అబద్ధమే గదా అనుకుంటి."

"తెలిసీ నాలుగు నెలలు నేసినావా నాయనా?" అంది శారద.

"నువ్వు ఆ మాట మీద ఆశ పెట్టుకుంటివి. వీనికి చూస్తే గుడారం లేదు. నేసిస్తే మాట నిజమైపోతాది గదా అని నేస్తి." అప్పుడు నా వైపు తిరిగారు. "లెయ్యప్పా. కూర్చుంటే కంత పూడుతుందా? నీకు నిజంగా వచ్చిన పని ఏముండాది, అది చెప్పు."

ఏడాదిగా నన్ను మీరు అంటున్న మనిషి ఆ రోజు నువ్వు అన్నారు. ఇంటి మనిషిని చేసుకున్నారని అర్థమై కళ్ళు చెమర్చాయి. అల్లుడి అబద్ధం దాచిపెట్టి, దానికి నూలు పేని, అంచు వేసి, నిజం చేసి చేతికిచ్చిన మామగారు ఎంతమందికి దొరుకుతారు?

"నాకు గుండీలు తెలుసు మామయ్యా" అన్నాను.

"మరి అదే చెయ్యి."

నా సంచిలో సూది, దారం, కత్తెర, గుండీల నమూనా అట్ట ఎప్పుడూ ఉంటాయి. మామయ్య కాలిన అంచులు కత్తిరించి కంతను చదరం చేశారు. గుడారం నేయగా మిగిలిన గుడ్డలోనే దాన్ని మూట కట్టి తెచ్చారు కదా, ఆ గుడ్డతో శారద ఒక మూత కుట్టింది. మొదట నా వైపు చూడకుండానే కుట్టింది. నేను దాని చుట్టూ పన్నెండు కాజాలు తీసి, పన్నెండు గుండీలు కుట్టాను. అట్ట మీద ఒక్కో రకం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఏ రెండూ ఒకేలా లేవు. కొమ్ముది, చిప్పది, ఇత్తడిది, పసిపిల్లల చొక్కాకు పెట్టే బాతుబొమ్మది. నా వేళ్ళు పరుగెత్తడం చూసి శారద సూది ఆపింది.

"ఇది క్యాలెండర్ చూసి నేర్చుకుంటిరా?"

"లేదు. ఇది మాత్రం నిజం."

పెదవి బిగపట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. సాయంత్రం గుండీలు విప్పి, మూత తెరిచి, నలుగురం లోపల వెల్లకిలా పడుకున్నాం. గుడారం నెత్తిన చదరపు ఆకాశం. కొంగల గుంపొకటి దాన్ని దాటి గూళ్ళకు పోయింది. శారద చాలాసేపు కన్నార్పకుండా చూసింది.

"మీ బొమ్మలో ఇట్లా కిటికీ ఉండిందా?" అంది.

"లేదు."

"అయితే ఇది మనదే." నా వైపు తిరిగి, "ఇంక ప్రతి నెలా రావాల. మా నాయన నేసిన నాలుగు నెలలూ మీరు తీర్చాల" అంది.

తీర్చాను. ఏళ్ళ తరబడి ఆ ఒడ్డుకే వెళ్ళాం. వాలుగా మేకు కొట్టడం, సరైన ముడి వేయడం మామయ్య దగ్గర నేర్చుకున్నాను. స్టవ్వు మాత్రం మునియప్ప ఎప్పుడూ తన గేటు దగ్గరే ఉంచుకునేవాడు, నా చేతికి ఇచ్చేవాడు కాదు.

కొన్నేళ్ళకు విమలకు సంబంధం వచ్చింది. అబ్బాయిది విజయవాడ వైపు, బెంగళూరులో సాఫ్ట్‌వేరు, మడివాళలో పీజీలో ఉంటాడు. అదే హాలు, అదే చాప. ఇటు పక్క ఈసారి నేను పెద్దమనిషిని. మామయ్య అదే ప్రశ్న అడిగారు. విమల అక్కలాగే తలెత్తి చూసింది.

"వీకెండ్స్ పారాగ్లైడింగ్ చేస్తుంటానండి. యాక్చువల్లీ, అదే నా ప్యాషన్" అన్నాడు అబ్బాయి.

"అదేందప్పా అల్లుడూ?" అని మామయ్య నన్నడిగారు.

"పెద్ద గుడ్డ కట్టుకుని కొండమీంచి దూకడం మామయ్యా."

మామయ్య చూపు మెల్లగా మగ్గం వైపు తిరిగింది. "గుడ్డనా? ఎన్ని గజాలు పడతాది నాయనా?"

నేను అబ్బాయి చెవులు చూశాను. ఎర్రగా ఉన్నాయి. మామయ్య కూడా చూశారు. "మంచిది" అన్నారు.

ఆగలేకపోయాను. చెయ్యి కడుక్కునే వంకతో ఆ అబ్బాయిని పెరట్లోకి తీసుకెళ్ళి, "తమ్ముడూ, ఈ ఇంటి అల్లుడిగా చెబుతున్నాను. పిల్లనెలాగూ ఇస్తారు. ఇప్పుడే లోపలికి పోయి నిజం చెప్పు. లేకపోతే ఉగాదికి నేసిస్తారు. నువ్వు దూకాలి" అన్నాను.

ఆ అబ్బాయి ఆదివారాలు నిద్రపోతాడట. ఇప్పుడు నాకు తోడల్లుడు, మా గుడారంలో అందరికంటే ముందు గురక పెట్టేది అతనే.

ఇక నా శపథం. పన్నెండు గుండీల సాక్షిగా, బాతుబొమ్మ గుండీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. కప్పున్న గుడారంలో పాలు పొంగించను. పంపు పదిసార్లకు మించి కొట్టను. మళ్ళీ పెళ్ళిచూపులకు వెళ్ళి అబద్ధం చెప్పను. ఈ చివరిది శారదకు చదివి వినిపిస్తే, చేస్తున్న పని ఆపకుండానే నా చెవులకేసి ఒకసారి చూసి, "సరే, నిజమే చెప్తా ఉండారు" అంది.